అపరిచితుల బృందగానము

జూన్ మాసమున పిల్లలను బడిలో చేర్పించుటకు వచ్చు తల్లిదండ్రులు మమ్ము తరచుగా ఒక ప్రశ్న అడుగుచుందురు. “అయ్యా! ఇంటిలో తెలుగు మాట్లాడుకొందుము, సరియే. గడప దాటిన తరువాత అంతయు తమిళమే గదా! ఈ తెలుగు చదువు మావానిని ఇరుగుపొరుగు పిల్లలనుండి వేరుచేయదు గదా?” ఈ ప్రశ్నలో భయము కలదు. ఆ భయము అకారణమైనదని మేము చెప్పజాలము. ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొంది ఇచటికి వచ్చిన తొలి సంవత్సరమున, సంతలో బేరమాడుటకు నోరు రాక, మా విద్యార్థినే వెంటబెట్టుకొని పోయిన వారము మేము. పరాయివాడనిపించుకొనుట ఎట్టిదో ఎరుగుదుము. కావున ఉపన్యాసము మాని, మేము కన్నదానిని, దాని పూర్వోత్తరములను వివరించెదము.

తంజావూరికి కొలది దూరమున, కావేరి ఒడ్డున తిరువయ్యారు కలదు. అయిదు ఏరుల పుణ్యస్థలమని ఆ పేరునకు అర్థము. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరున జన్మించి, జీవితమంతయు తిరువయ్యారున గడపి, 1847 జనవరి 6వ తేదీన అచటనే సిద్ధిపొందెను. ఆయన ఇంటిపేరు కాకర్ల. పూర్వులు తెలుగు సీమనుండి వలస వచ్చినవారు. అనగా ఆయనయు మన పిల్లలవలెనే తమిళుల నడుమ పుట్టి, ఇంటిలో తెలుగు మాట్లాడుచు పెరిగినవాడు.

ఆయన సిద్ధిపొందిన పుష్య బహుళ పంచమినాడు ప్రతి సంవత్సరము అచట ఆరాధన జరుగును. ఆనాటి ఉదయము ఆయన నివసించిన వీథినుండి ఉంఛవృత్తి భజన బయలుదేరి సమాధికి చేరును. పిదప సమాధి ఎదుట పందిరిలో వందలకొలది గాయకులు, వాద్యకారులు నేలమీద కూర్చుండి అయిదు కృతులు కలిసి పాడుదురు. అవియే ఘనరాగ పంచరత్నములు: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోనివి. మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. పాడువారిలో అత్యధికులకు తెలుగు మాతృభాష కాదు. ప్రక్కన కూర్చున్నవా రెవరో కూడ తెలియదు. పేరుపొందిన విద్వాంసుని మోకాలికి తగులుచు నిన్నమొన్న పాఠము ముగించిన బాలిక కూర్చుండును. సుమారు ఒక గంట అందరిదియు ఒకే పాట.

ఇది ఎట్లు సాధ్యమగుచున్నది? భక్తివలననే అని తేలికగా చెప్పి తప్పించుకొనవచ్చును. కాని భక్తి ఉన్నంత మాత్రమున వందల గొంతులు కలియవు. ఈ అయిదు కృతులకును ఆదితాళమే. ఎనిమిది అక్షరముల ఆవృత్తమును ప్రతివాడును తొడపై చేతితో వేయుచునే ఉండును. చెవి తప్పినను కన్ను పట్టించును. ముందువాని అరచేయి తిరిగినపుడు మన చేయియు తిరుగును. చరణములలో ముందు స్వరములు పాడి, అదే వరుసకు సాహిత్యము పాడుదురు. సరిగమలు ఏ భాషవానికైనను ఒక్కటే గదా! సాహిత్యమున నాలుక తడబడినవాడు స్వరమున అందుకొనును.

అయినను ఊరక అందుకొనుటకు వీలులేదు. ఏదో ఒకటి విడువవలెను. త్యాగరాజస్వామి శిష్యులలో వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లైస్థానము అని వేర్వేరు పరంపరలు కలవు; ఒకే కృతికి వారి పాఠాంతరములు వేరు. గురువు నేర్పిన సంగతి ఎంత ప్రియమైనదైనను, గోష్ఠిలో దానిని పాడినచో ప్రక్కవాడు చెదరును. కచేరిలో మెప్పు తెచ్చు కల్పనస్వరములకు ఇచట చోటు లేదు. స్త్రీల శ్రుతియు పురుషుల శ్రుతియు ఒకటి కావు. ఒకే శ్రుతికి ఒప్పుకొన్నపుడు ఎవరికో ఒకరికి గొంతు బిగుసుకొనక తప్పదు. గొప్ప విద్వాంసుడు తన గొప్పదనమును ఆ గంటసేపు మడిచి ప్రక్కన పెట్టును. మాకు తోచినంతలో, ఆ గానములోని ఆనందమునకు ఇదియే మూలము. గానము ఎల్లప్పుడు మధురముగానే ఉండునని మాత్రము మేము అనము. వెనుక వరుసలవారు ఒక్కొక్కమారు పరుగు తీయుదురు. ముందు వరుసలో చోటు కొరకు కొంత ఒత్తిడియు ఉండును.

వరాళిని గూర్చి ఒక ముచ్చట చెప్పవలెను. ఆ రాగమును గురువు శిష్యునికి ఎదుట కూర్చుండి నేర్పరాదనియు, నేర్పినచో ఇరువురకు ఎడబాటు కలుగుననియు గాయకులలో ఒక నమ్మకము కలదు. ఇతరులు పాడుచుండగా విని నేర్చుకొనవలెనట! నమ్మకము మాట ఎట్లున్నను, అట్టి రాగము నేర్చుటకు వందలమంది పాడు పందిరికంటె మంచి బడి ఏది?

ఈ కలయిక మొదటినుండియు ఉన్నదని తలచరాదు. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో ఆరాధన నడపువారు రెండు పక్షములై, చిన్న కచ్చి, పెద్ద కచ్చి అను పేర్లతో వేర్వేరుగా ఉత్సవములు జరిపిరి. ఒకే మహనీయునికి పోటీ పూజలు! ఆ ఇరుపక్షములును ఒక్క విషయమున మాత్రము ఏకీభవించినవి: స్త్రీలు అచట పాడరాదు.

అట్టి కాలమున బెంగుళూరు నాగరత్నమ్మ అచటికి వచ్చెను. ఆమె మైసూరు రాజ్యమునకు చెందిన దేవదాసీ కుటుంబమున జన్మించిన గాయని. ముద్దుపళని రచించిన తెలుగు కావ్యమును 1910లో పరిష్కరించి ప్రకటించిన విదుషీమణి. స్వామి సమాధి పాడుపడియున్నదని విని, తన ఆర్జనను వెచ్చించి, 1921లో ఆలయ నిర్మాణమునకు పూనుకొనెను. 1926 జనవరిలో ప్రతిష్ఠ జరిగెను. గుడి కట్టించిన స్త్రీకే ఆ సన్నిధిలో పాడుటకు అనుమతి దొరకలేదు. ఆమె అలిగి వెడలిపోలేదు; స్త్రీలను కూడగట్టి మూడవ పక్షమును నిలిపెను. తుదకు 1940, 41 సంవత్సరములలో పక్షములన్నియు ఏకమై, స్త్రీలకును చోటు దొరకెను. అయిదు కృతులను అందరును కలిసి పాడుట ఆ పిమ్మట నెలకొన్న ఆచారమే. మనము అనాదియని తలచు ఈ గోష్ఠిగానము తగవు తీర్చుకొన్నవారు ఏర్పరచుకొన్నది. నాగరత్నమ్మ 1952లో మరణించెను. ఆమె సమాధియు స్వామి సన్నిధికి అభిముఖముగా ఉన్నది. అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున స్థిరపడిన మన దేశీయులు కూడ 1978 నుండి ఇట్టి ఆరాధన జరుపుచున్నారు.

మేము తొలిసారి అచటికి పోయినపుడు, తెలుగు పండితులమను అభిమానము కొంత మా వెంట వచ్చెనని ఒప్పుకొనవలెను. మా భాషను పాడు తమిళుల ఉచ్చారణను పరీక్షింపబోవు వానివలె కూర్చుంటిమి. గానము ఆరంభమయ్యెను. ప్రక్కనున్న యువకుడు, ఎచటివాడో, పుస్తకము మూసియే పాడుచుండెను. మేము పుస్తకమున చూచుచు కూడ చోటు తప్పితిమి! అర్థము మాకు తెలియును. పాట అతనికి తెలియును. మా అవస్థ గమనించి అతడు ఏమియు అనక, చరణము ఎచట ఎత్తుకొనవలెనో మా చేతిపై మెల్లగా తట్టి చూపెను. ఆ తరువాత రెండు కృతులు మేము అతని చేతిని చూచియే పాడితిమి.

గానము ముగిసిన పిదప అతడు తన పుస్తకమును మాకు చూపెను. తమిళ లిపిలో త, ద లకు ఒకే అక్షరము గదా! కావున కృతుల పుస్తకములలో అక్షరము ప్రక్కన అంకెలు వేయుదురు: మూడు అంకె ఉన్నచో ‘ద’, నాలుగు ఉన్నచో ‘ధ’. గౌళ కృతి మొదటి మాటను వ్రేలితో చూపి, “సార్, ఇదు ఎన్న అర్థం?” అని అడిగెను. దుడుకు అనగా ముందువెనుకలు చూడని తొందరపాటు, ఆగడము అని మాకు వచ్చిన తమిళమున చెప్పితిమి. అతడు పకపక నవ్వి, “మా అమ్మ నన్ను చిన్నప్పుడు తిట్టిన మాట ఇదే! మేము తుడుక్కు అందుము” అనెను. ఇరువది ఏండ్లు బోధించియు ఆ రెండు మాటల చుట్టరికము మాకు తట్టలేదు.

తరువాత ఉచ్చారణ వంతు వచ్చెను. అంకె సాయమున ‘దు’ చక్కగా పలికెను గాని, తమిళ నాలుకకు మాట నడుమ ‘క’ నిలువదు. ‘దుడుగు’ అని జారిపోయెను. కావేరి గట్టున బస్సు కొరకు నిలిచి మరల మరల పలికించితిమి. మా వెంట వచ్చిన ఆరవ తరగతి పిల్లవాడు మాకంటె ఓపికగా నేర్పెను. నాలుగవసారి సరిగా వచ్చెను. అంతలో బస్సు వచ్చెను; అతని పేరు అడుగుట మరచితిమి.