ఊస్టేరి గట్టు మీద పక్షుల పరిశీలన

పుదుచ్చేరి పట్టణానికి పడమర దిక్కున సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఊసుడు చెరువు ఉంది. స్థానికులు దీన్ని ఊస్టేరి అంటారు. తమిళంలో ‘ఏరి’ అంటే చెరువు. ఇది తనంత తాను ఏర్పడిన సరస్సు కాదు. పొలాలకు నీళ్ళు అందించడానికి పూర్వులు గట్టు కట్టి నీటిని నిలిపారు. చెరువులో కొంత భాగం పుదుచ్చేరిలోను, కొంత భాగం తమిళనాడులోని విల్లుపురం జిల్లాలోను ఉంది. పుదుచ్చేరి ప్రభుత్వం తన భాగాన్ని 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. ఆ తరువాత తమిళనాడు కూడా తన భాగానికి అదే రక్షణ కల్పించింది.

పక్షులు ఇక్కడికే ఎందుకు వస్తాయి?

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవన వర్షాలతో చెరువు నిండుతుంది. సరిగ్గా అదే కాలంలో ఉత్తరాన చలి ముదురుతుంది. అక్కడి నుంచి సూదితోక బాతుల వంటి వలస పక్షులు దక్షిణానికి వస్తాయి. ఏడాది పొడుగునా మన ప్రాంతంలోనే ఉండే పక్షులు కూడా వాటితో కలుస్తాయి.

గట్టు మీద నడుస్తూ గమనించండి. ఒకే చెరువులో ఒక్కొక్క పక్షికి ఒక్కొక్క చోటు ఉంటుంది. లోతు తక్కువగా ఉన్న అంచున ఎర్రకాళ్ళ కొంగ సగం తెరిచిన ముక్కును నీటిలో ఉంచి నడుస్తుంది. చేప తగిలిన క్షణంలోనే ముక్కు మూసుకుంటుంది. లోతైన చోట నీటికాకి మునిగి చేపను వెంటాడుతుంది. రెల్లు పొదల దగ్గర నీలి బొల్లికోడి మొక్కల మెత్తని కాడలను తింటుంది. అందుచేత పక్షి పేరు తెలియకపోయినా, అది ఎక్కడ ఉంది, ఏం తింటోంది అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే సగం జవాబు దొరికినట్లే.

పరికరాల అసలు ప్రయోజనం

పక్షులను చూడడానికి వాడే బైనాక్యులర్ల మీద 8×42 అని రాసి ఉండడం చూస్తాం. వస్తువు 8 రెట్లు దగ్గరగా కనిపిస్తుందని, ముందు కటకం వ్యాసం 42 మిల్లీమీటర్లని దాని అర్థం. అంటే 80 మీటర్ల దూరంలోని పక్షి 10 మీటర్లలో ఉన్నట్లు కనిపిస్తుంది. కెమెరాలోనూ ఇదే లెక్క. 50 మిల్లీమీటర్ల లెన్సుతో పోలిస్తే 400 మిల్లీమీటర్ల టెలిఫోటో లెన్సు బొమ్మను 8 రెట్లు పెద్దదిగా చూపుతుంది. ఎగిరే పక్షి చెదరకుండా రావాలంటే షట్టర్ సెకనులో వెయ్యో వంతు లేదా అంతకంటే తక్కువ సేపు తెరుచుకోవాలి. సూర్యుడు మన వెనుక ఉంటే ఈకల రంగులు స్పష్టంగా వస్తాయి.

అయితే ఒక్క విషయం మరచిపోకూడదు. మనం దూరంగా ఉండి చూడడానికే ఈ పరికరాలున్నాయి.

బెదిరిన పక్షికి జరిగే నష్టం

నల్లని శరీరం, నుదుట తెల్లని మచ్చ ఉన్న బొల్లికోడిని చూడండి. అది నేరుగా గాలిలోకి లేవలేదు. నీటి మీద కొంత దూరం రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తి లేస్తుంది. ఈ పనికి చాలా శక్తి ఖర్చవుతుంది. వలస పక్షి చలికాలమంతా తిని కొవ్వు నిల్వ చేసుకుంటేనే తిరుగు ప్రయాణం చేయగలదు. మనం బెదిరించిన ప్రతిసారీ దాని మేత ఆగిపోతుంది, నిల్వ తరుగుతుంది. గూటి దగ్గర ప్రమాదం ఇంకా ఎక్కువ. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకు మాడతాయి, లేదా కాకుల పాలవుతాయి.

పక్షి ముందుగానే హెచ్చరిక ఇస్తుంది. మేత ఆపి తల ఎత్తడం మొదటి గుర్తు. పక్కకు జరగడం రెండవది. ఎగిరిపోవడం చివరిది. మొదటి గుర్తు కనిపించగానే ఆగి, రెండడుగులు వెనక్కి వేయాలి. ఎగురుతున్న చిత్రం కోసం రాయి విసరడం, చప్పట్లు కొట్టడం తగని పనులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గూళ్ళను, గుడ్లను కదిలించడం కూడా వేటగానే లెక్క. అభయారణ్యంలో ఫోటోలు తీసే ముందు అటవీ శాఖ అనుమతి నియమాలను తెలుసుకోవాలి. ఫోను తీసిన చిత్రంలో స్థలం వివరాలు కూడా నమోదు కావచ్చు. కాబట్టి గూళ్ళ చిత్రాలను నలుగురికీ పంపకపోవడమే మంచిది.

చిత్రంతో పాటు రాత

తేదీ, సమయం, స్థలం, పక్షుల సంఖ్య రాయని చిత్రం అందంగా ఉండవచ్చు గాని, శాస్త్రానికి అంతగా ఉపయోగపడదు. 1987లో మొదలైన ఆసియా నీటి పక్షుల గణనలో ఏటా జనవరిలో స్వచ్ఛంద పరిశీలకులు ఇలాంటి వివరాలనే సేకరిస్తారు. ఏళ్ళ తరబడి పోగైన లెక్కల వల్లే ఏ పక్షి తగ్గుతోందో, ఏ చెరువు చెడిపోతోందో తెలుస్తుంది.

ఈ అభ్యాసానికి ఊస్టేరికే వెళ్ళనక్కరలేదు. పుదుచ్చేరిలో భాగమైన యానాం వారికి పక్కనే కోరింగ మడ అడవులున్నాయి. నెల్లూరు వైపు వారికి గూడబాతులు గూళ్ళు కట్టే నేలపట్టు, రాజహంసలు దిగే పులికాట్ ఉన్నాయి. మిగిలిన వారికి ఊరి చెరువు ఉండనే ఉంది. ప్రఖ్యాత పక్షి శాస్త్రవేత్త సలీం అలీ జన్మదినమైన నవంబరు 12న ఒక పుస్తకం తెరిచి, ఒకే గట్టు మీద వారానికొకసారి అరగంట చొప్పున నాలుగు నెలలు పరిశీలించండి. ఏ పక్షి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో మీ రాతలోనే కనిపిస్తుంది.