పేరు బండిలోంచి పుట్టాలి

స్కోడా కంపెనీ మూలాలు 1895 నాటి సైకిళ్ల కార్ఖానాలో ఉన్నాయి. అంత పాత కంపెనీ 2024లో మన దేశం కోసం చేస్తున్న చిన్న ఎస్‌యూవీకి పేరు చెప్పమని జనాన్నే అడిగింది. పేరు ‘కె’తో మొదలై ‘క్యూ’తో ముగియాలన్నది షరతు. రెండు లక్షలకు పైగా సూచనలు వస్తే, కేరళలోని కాసరగోడ్ నుంచి వచ్చిన ‘కైలాక్’ గెలిచింది. జపాన్‌లో ఇది ఎప్పుడో జరిగింది. 1961లో అమ్మకానికొచ్చిన టొయోటా ‘పబ్లికా’కు పేరు పది లక్షల పైచిలుకు సూచనల్లోంచి దొరికింది. 1966లో నిస్సాన్ పెట్టిన పోటీకి ఎనభై లక్షలు దాటి వచ్చాయి, ‘సన్నీ’ నిలిచింది.

జనం ఇంత ఉత్సాహంగా పాల్గొనడం నాకు ఇష్టమే. కానీ పేరు పంపినవాళ్లలో ఆ బండి ఎక్కినవాళ్లు దాదాపు ఉండరు. రోడ్డు మీద తిరిగి, గుణం తెలిశాక స్థిరపడిన పేరు సంగతి వేరు. అలాంటి బండి ఒకటి హైదరాబాద్‌లో శాలిబండకు దగ్గర్లోనే, చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. పసుపుపచ్చ రోల్స్ రాయిస్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చారు, అది చేరకముందే 1911లో కన్నుమూశారు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఊరేగింపులకే తీశారు కాబట్టి తిరిగింది కొద్ది వందల మైళ్లే.

దాన్ని అందరూ ‘సిల్వర్ ఘోస్ట్’ అంటారు. 1906లో లండన్ ఒలింపియా ప్రదర్శనలో ఈ మోడల్‌ను మొదట చూపినప్పుడు కంపెనీ పెట్టిన పేరు మాత్రం ‘40/50 హెచ్‌పీ’.

దీనికి ముందు హెన్రీ రాయిస్ చేసిన ఆరు సిలిండర్ల కారు ఆయన్ని బాగా ఇబ్బంది పెట్టింది. ఆరు పిస్టన్లు వరసగా ఉంటే క్రాంక్‌షాఫ్ట్ పొడవవుతుంది. ఒక్కో పేలుడుకూ అది తడిబట్ట పిండినట్టు రవ్వంత మెలితిరిగి వెనక్కి వస్తుంది. ఒక వేగం దగ్గర ఆ మెలికలు ఒకదానికొకటి తోడై ఇనుమే విరిగిపోతుంది. రాయిస్ కొత్త ఇంజన్‌ను మూడేసి సిలిండర్ల రెండు దిమ్మలుగా పోత పోయించాడు. షాఫ్ట్‌ను లావు చేసి, ఏడు బేరింగుల మీద నిలబెట్టాడు. ముందు సగం వెనక సగానికి అద్దంలో బొమ్మలా ఉండటంతో ఒకవైపు ఊపును రెండోవైపు ఊపు కొట్టేసింది. షాఫ్ట్‌లోని బోలు దారుల గుండా ఆయిల్‌ను ఒత్తిడితో బేరింగులకు పంపించాడు. ప్రతి 120 డిగ్రీలకు ఒక పేలుడు. ఏడు లీటర్ల ఇంజన్‌కు 48 హార్స్‌పవర్ అంటే ఇప్పుడు తక్కువే, కానీ రాయిస్‌కు కావలసింది నిశ్శబ్దం.

1907లో మేనేజింగ్ డైరెక్టర్ క్లాడ్ జాన్సన్ పన్నెండో ఛాసీకి వెండి రంగు వేయించి, అమరికలకు వెండిపూత పూయించి, ‘సిల్వర్ ఘోస్ట్’ అని ఫలకం తగిలించాడు. పేరు ఆ ఒక్క బండికే. చప్పుడు చేయకుండా వచ్చిపోయేది కనుక ఘోస్ట్. దాన్ని లండన్–గ్లాస్గో మధ్య, ఆదివారాలు మినహా, రాత్రింబవళ్లు తిప్పారు. 629 మైళ్ల దగ్గర అదురుకు పెట్రోల్ కుళాయి మూసుకుని ఆగింది. ఆ తర్వాత 14,371 మైళ్లు, అంటే 23,000 కిలోమీటర్లకు పైగా, తనంతట తాను ఆగలేదు. తర్వాత విప్పి చూస్తే, అరిగిన భాగాలు మార్చడానికి రెండు పౌండ్ల చిల్లర సరిపోయింది. మట్టిరోడ్ల కాలంలో ఇది మామూలు విషయం కాదు.

ఆ ఒక్క బండి పేరు జనం నోట పడి మొత్తం మోడల్‌కు పాకింది. 1925లో తర్వాతి మోడల్ ‘ఫాంటమ్’ వచ్చాక, పాతదాన్ని వేరుచేసి చెప్పడానికి కంపెనీయే సిల్వర్ ఘోస్ట్ అనడం మొదలుపెట్టింది. ఏ పోటీ, ఏ షరతు లేకుండా జనమే గెలిచారు. నన్నడిగితే కారుకు పేరు పడవలసిన తీరు ఇదే.

చౌమహల్లాకు శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో పిల్లల్ని తీసుకెళ్లండి. నిజాం కూర్చున్న సీటు చూపించాక, బానెట్ కింద ఉన్న ఆ ఆరు సిలిండర్ల సంగతి కూడా చెప్పండి.