పథ్యానికి కొబ్బరిపాలు: ఇంట్లో తీసినవే మేలు

పేగుల పూతతో బాధపడేవారిని కొంతకాలం గేదెపాలు, ఆవుపాలు మానమని వైద్యులు చెప్పడం కద్దు. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగక కడుపుబ్బరం, విరేచనాలు పట్టుకుంటాయి. కొబ్బరిపాలలో ఆ చక్కెర లేదు.

అమెరికాలో సిడ్నీ హాస్ అనే పిల్లల వైద్యుడు ఆరంభించిన ఒక పథ్యంలో ధాన్యాలు, పంచదార, మామూలు పాలు నిషిద్ధం. ఇంట తీసిన కొబ్బరిపాలకు అభ్యంతరం లేదు గాని, డబ్బా పాలు కూడవు. అవి విడిపోకుండా చాలావాటిలో గ్వార్ గమ్ కలుపుతారు. అదేమిటో కాదు, మన గోరుచిక్కుడు గింజల జిగురే! అయితే ఈ పథ్యం సర్వరోగ నివారిణి అనుకోరాదు. 2021లో వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో క్రోన్స్ రోగులకు మధ్యధరా ప్రాంతపు భోజనం కన్నా ఇది ఎక్కువ మేలు చేయలేదని తేలింది.

పాలు తీయడం కోనసీమ గృహిణులకు ఒకరు నేర్పాలా? ముదురుకాయ కోరి, గోరువెచ్చని నీటితో రుబ్బి, పలుచని గుడ్డలో పిండడమే. చిక్కని మొదటి పాలలో నూటికి 20 పాళ్లకు పైగా కొవ్వు ఉండవచ్చు. నీరసించిన పేగు దానికి తట్టుకోలేదు. అందుకని పలుచని రెండో పాలు రెండు చెంచాలతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులు చూసి పెంచాలి. పిప్పి రోగికి వద్దు. ఏ పూటవి ఆ పూటే తీయాలి.

పేరుకు పాలే గాని, ఆవుపాలలోని కాల్షియంలో ఆరో వంతు కూడా వీటిలో ఉండదు. మాంసకృత్తులూ తక్కువే. పసిబిడ్డలకు తల్లిపాలకు బదులు వీటిని పట్టరాదు. విరేచనంలో రక్తం పడినా, మనిషి చిక్కిపోతున్నా పథ్యంతో కాలయాపన చేయక ఆసుపత్రికి వెళ్లాలి.