హారములు వేరైన భిన్నముల వ్యవకలనము

అంకగణితమున మన విద్యార్థులను మిక్కిలి బాధించు ప్రకరణములలో భిన్నముల వ్యవకలనము ఒకటి. హారములు సమానముగా నున్నంతవరకు ఎల్లరును లెక్కను సులభముగనే చేయుదురు. హారములు వేరైనచో పలువురి కలములు నిలిచిపోవును. విధి యేల యేర్పడినదో తెలిసికొనక దానిని వల్లించుటయే ఇందులకు కారణమని మేము తలంచుచున్నాము.

మన వరంగల్లు ప్రాంతమున భూమిని ఎకరములలోను గుంటలలోను లెక్కింతురు. ఎకరమునకు 40 గుంటలు. ఒక రైతునకు 3/4 ఎకరము పొలము కలదనుకొందము. అందులో 2/5 ఎకరము అమ్మెను. మిగిలినదెంత? తొందరపాటుగల విద్యార్థి పైన 3 నుండి 2 తీసి 1 అనియు, క్రింద 5 నుండి 4 తీసి 1 అనియు వ్రాసి, 1/1, అనగా ఒక ఎకరము మిగిలెనని చెప్పును. ముప్పావు ఎకరము గలవాడు అందు కొంత అమ్ముకొని నిండు ఎకరమునకు యజమాని యగుట యెట్లు?

హారము భాగముయొక్క పరిమాణమును తెలుపును. లవము అట్టి భాగములెన్నియో తెలుపును. నాలుగవ పాలును ఐదవ పాలును సమానమైన భాగములు కావు. పూర్వము మన యిండ్లలో మానికెడు బియ్యమునుండి సోలెడు తీసినచో ఎంత మిగులునని యడిగిన, మానికకు నాలుగు సోలలు గనుక మూడు సోలలని పెద్దలు చెప్పెడివారు. రెంటిని ఒకే కొలతకు తెచ్చిన పిదపనే తీసివేత. భిన్నములకును ఇదియే నియమము.

4కును 5కును కనిష్ఠ సామాన్య గుణిజము 20. మొదటి భిన్నముయొక్క లవహారములను 5చే గుణించిన 15/20 అగును. భాగము ఐదవ వంతునకు తగ్గినది, భాగముల సంఖ్య ఐదు రెట్లు పెరిగినది. కావున విలువ మారలేదు. అట్లే రెండవదానిని 4చే గుణించిన 8/20. ఇప్పుడు 15 నుండి 8 తీసివేయగా శేషము 7/20 ఎకరము. గుంటలలో సరిచూతము: 30 గుంటలనుండి 16 పోగా 14 గుంటలు. 14/40 అనగా 7/20. లెక్క సరిపోయినది.

హారములను ఒకదానితో నొకటి గుణించినను చాలదా యని కొందరడుగుదురు. చాలును, కాని శ్రమ హెచ్చును. 5/6 నుండి 1/4 తీసివేయుటకు 24 హారముగా గొన్నచో 20/24 నుండి 6/24 పోయి 14/24 వచ్చును; దానిని మరల 7/12గా సంక్షేపింపవలెను. 12 గొన్నచో 10/12 నుండి 3/12 పోయి 7/12 వెంటనే వచ్చును. 1957వ సంవత్సరమున దశాంశ నాణెములు వచ్చుటకు పూర్వము అణాకు 12 పైలుండెడివి. నాటి బాలునకు ఈ లెక్క పది పైలనుండి మూడు పైలు తీసివేయుటయే.

ఈ మార్గము పరదేశమునుండి వచ్చినదని తలంపకుడు. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున ఈ గుణిజమునకు నిరుద్ధమని పేరిడి, భిన్నములను సమహారములుగా చేయు విధమును తెలిపెను. ఆ గ్రంథమునే పావులూరి మల్లన పద్యములలో తెలుగు చేసెను.

పూర్ణాంకములతో కూడిన భిన్నములందు ఇంకొక చిక్కు గలదు. మూడుంబావు నుండి 1 2/3 తీయవలెనన్న, 3/12 నుండి 8/12 పోదు. అప్పుడు 3లో ఒకటి తెచ్చి 12/12గా మార్చవలెను. 2 15/12 నుండి 1 8/12 పోగా 1 7/12 శేషము.

విద్యార్థులారా! ఇది పరీక్షలో మార్కులకు మాత్రమే పనికివచ్చు విద్య కాదు. అన్నదమ్ములు పొలము పంచుకొను నాడు, తన పాలెంతయో తాను లెక్కింపలేనివాడు ఎదుటివాడు వ్రాసినదానికి వ్రేలిముద్ర వేయవలసినదే. కపటపు త్రాసును పరిశుద్ధగ్రంథము ఖండించుచున్నది. ఆ కపటమును కనుగొనుటకు లెక్క తెలిసియుండవలెను. కావున శేషమునకు తీసివేసిన దానిని మరల కూడి, మొదటి రాశి వచ్చినదో లేదో చూచుకొనక ఏ లెక్కను విడువకుడు.