సంప్రదాయ, ఎజైల్ ప్రాజెక్టు నిర్వహణ: ఒక పోలిక

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నిర్వహణ పద్ధతులను పోల్చమంటే చాలామంది విద్యార్థులు ఎజైల్ వేగవంతమైనదని, సంప్రదాయ పద్ధతి నిదానమైనదని రాస్తారు. ఈ సమాధానం అసంపూర్ణం. పొరపాటు ఏ దశలో బయటపడుతుంది, అప్పటికి దాన్ని సరిదిద్దే గడువు, డబ్బు మిగిలి ఉంటాయా లేదా అన్నదే ఈ రెండింటి మధ్య అసలు తేడా.

సంప్రదాయ పద్ధతిలో అవసరాల సేకరణ, రూపకల్పన, కోడింగ్, టెస్టింగ్, అమలు ఒకదాని తరవాత ఒకటి జరుగుతాయి. ఒక దశకు ఆమోదం లభించాకే తరవాతి దశ మొదలవుతుంది. పని జలపాతంలా ఒకే దిశలో సాగుతుంది కాబట్టి దీన్ని వాటర్‌ఫాల్ నమూనా అంటారు. దీనికి ఆద్యుడిగా విన్‌స్టన్ రాయిస్ పేరు చెబుతారు. నిజానికి ఆయన 1970 నాటి వ్యాసంలో ఈ వరుసను బొమ్మగా చూపి, టెస్టింగ్‌ను చివరికి వదిలేస్తే ముప్పు తప్పదని హెచ్చరించారు. వాటర్‌ఫాల్ అన్న మాట ఆ వ్యాసంలో లేనే లేదు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు సమావేశమై నాలుగు విలువలతో ఎజైల్ ప్రకటనను రూపొందించారు. 12 సూత్రాలు దానికి తోడయ్యాయి. సమగ్రమైన పత్రాల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు, ప్రణాళికను అంటిపెట్టుకోవడం కంటే మార్పుకు స్పందించడానికి ఇది ఎక్కువ విలువ ఇస్తుంది. పత్రాలు, ప్రణాళిక అక్కర్లేదని మాత్రం చెప్పదు. ఎజైల్ పద్ధతుల్లో ఎక్కువ వాడుకలో ఉన్న స్క్రమ్‌లో పనిని స్ప్రింట్లుగా విభజిస్తారు. స్ప్రింట్ నెలకు మించదు. చాలాచోట్ల రెండు వారాలే ఉంటుంది. ప్రతి స్ప్రింట్ చివర పనిచేసే భాగాన్ని ఖాతాదారుకు చూపి, వారి అభిప్రాయాన్ని బట్టి మిగతా పనుల ప్రాధాన్యక్రమాన్ని సవరిస్తారు.

అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అనుభవం ఈ తేడాను స్పష్టం చేస్తుంది. కాగితాలపై ఉన్న కేసు రికార్డులను కంప్యూటర్‌లోకి మార్చడానికి ఆ సంస్థ వర్చువల్ కేస్ ఫైల్ అనే వ్యవస్థను తలపెట్టింది. అవసరాల పత్రమే 800 పేజీలు దాటింది. పని మొదలయ్యాక కూడా మార్పులు వస్తూనే ఉన్నాయి. దాదాపు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో దాన్ని వదిలేశారు. మరుసటి ఏడాది సెంటినెల్ పేరుతో కొత్త ప్రాజెక్టును నాలుగు దశలుగా విభజించి లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీకి అప్పగించారు. 2010 ఆగస్టు నాటికి 45.1 కోట్ల డాలర్ల బడ్జెట్‌లో సుమారు 40.5 కోట్లు ఖర్చయ్యాయి. చేతికి వచ్చినవి మాత్రం రెండు దశలే.

అప్పుడు ఎఫ్‌బీఐ ప్రాజెక్టును నేరుగా తన చేతుల్లోకి తీసుకుని, చిన్న బృందంతో రెండు వారాల స్ప్రింట్లలో పని నడిపింది. 2011 అక్టోబరులో జరిపిన ప్రయోగాత్మక వాడకంలో వ్యవస్థ ఆగిపోయింది. ఉన్న హార్డ్‌వేర్ సామర్థ్యం చాలదని అప్పుడు తేలింది. ఈ లోపాన్ని సరిచేసుకుని 2012 జులై 1న సెంటినెల్‌ను సిబ్బందికి అందుబాటులోకి తెచ్చారు. ఎజైల్‌కు మారినప్పుడు పెట్టుకున్న గడువు 2011 సెప్టెంబరు. అంటే అదీ తప్పింది. అయినా దేశమంతటా అమల్లో పెట్టకముందే లోపం తెలిసింది కాబట్టి దిద్దుకునే వీలు చిక్కింది.

ఇక్కడ పరిధి, గడువు, ఖర్చు అనే మూడింటినీ కలిపి చూడాలి. సంప్రదాయ పద్ధతి పరిధిని ముందే ఖాయం చేస్తుంది. అంచనా తప్పితే ఒత్తిడి గడువు మీద, ఖర్చు మీద పడుతుంది. ఎజైల్‌లో గడువు, బృందం స్థిరంగా ఉండి పరిధి మారుతుంది. అందువల్ల ఒప్పందం ఏ రకమైనదన్నది కీలకం. హైదరాబాదు, బెంగళూరు కంపెనీలు విదేశీ ఖాతాదారులకు చేసే పనుల్లో కొన్ని ఫిక్స్‌డ్ ప్రైస్ ఒప్పందాలు, మరికొన్ని టైమ్ అండ్ మెటీరియల్ ఒప్పందాలు. మొదటి రకంలో పరిధిని, ధరను, తేదీని ముందే రాసిచ్చి, రోజూ స్టాండప్ మీటింగ్ పెట్టినంత మాత్రాన అది ఎజైల్ కాదు. ఖాతాదారు కోరిన మార్పుకు చోటిచ్చేది ఏదీ ఆ ఒప్పందంలో లేకపోతే, ఆ భారం చివరికి ఉద్యోగుల రాత్రిళ్ల మీద పడుతుంది.

అవసరాలు ముందే స్పష్టంగా తెలిసి, తరవాత మార్చడం ప్రమాదకరమయ్యే చోట, ఉదాహరణకు విమాన నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో, దశలవారీ ఆమోదాలకు ఇప్పటికీ గట్టి స్థానముంది. వాడుకరికే తనకేం కావాలో చూస్తేగాని తెలియని మొబైల్ యాప్ వంటి వాటికి ఎజైల్ నప్పుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: సెంటినెల్ ప్రాజెక్టులో 2010కి ముందు, తరవాత ఏది స్థిరంగా ఉంది, ఏది మారింది? పరిధి, గడువు, ఖర్చుల ఆధారంగా వివరించండి.