బాణం కంటే ముందు భంగిమ: క్యూదోలో మొదటి మెట్లు

విలువిద్య అనగానే మనకి ద్రోణుడి పరీక్ష గుర్తొస్తుంది. పక్షి కన్ను తప్ప ఇంకేమీ కనబడకూడదు. జపాన్ వాళ్ల సంప్రదాయ విలువిద్య ‘క్యూదో’లో చేరినవాళ్లకి మాత్రం మొదట్లో అసలు పక్షినే చూపించరు! ‘క్యూ’ అంటే విల్లు, ‘దో’ అంటే మార్గం.

ముందు విల్లు సంగతి చూద్దాం. దాని పేరు ‘యుమి’. పొడవు దాదాపు 2.2 మీటర్లు, అంటే మనకన్నా ఎత్తు. పట్టుకునే చోటు మధ్యలో ఉండదు, కింది నుంచి మూడో వంతు దగ్గర ఉంటుంది. ఒలింపిక్స్‌లో నారిని మూడు వేళ్లతో లాగుతారు. ఇక్కడ ఆ పని బొటనవేలిది. విలుకాడికి బొటనవేలు ఎంత ముఖ్యమో ఏకలవ్యుడి కథ విన్న మనకి వేరే చెప్పక్కర్లేదు. అందుకే కుడిచేతికి బొటనవేలి దగ్గర గట్టిగా ఉండే తోలు గ్లవ్ వేసుకుంటారు.

కొత్తవాళ్లు నేర్చుకునేది ‘హస్సెత్సు’, అంటే ఎనిమిది స్టెప్పులు:

1. అషిబుమి: పాదాలు ఎడంగా పెట్టి నిలబడటం
2. దోజుకురి: వెన్ను నిటారుగా ఉంచడం
3. యుగమాయె: విల్లు, నారి సరిగ్గా పట్టుకుని టార్గెట్ వైపు తల తిప్పడం
4. ఉచిఒకోషి: విల్లుని పైకెత్తడం
5. హికివాకే: రెండు వైపులా సమానంగా లాగుతూ దించడం
6. కాయ్: పూర్తిగా లాగి నిలపడం
7. హనారే: బాణం వదలడం
8. జన్షిన్: వదిలాక కూడా అలాగే నిలబడటం

గమనించారా? బాణం వదలడం ఏడో స్టెప్పు. దానికి ముందు ఆరు, తర్వాత ఇంకొకటి!

ప్రాక్టీస్ మామూలుగా ఒట్టి చేతులతో మొదలవుతుంది. తర్వాత రబ్బరు కట్టిన చిన్న కర్ర, ఆ తర్వాత అసలు విల్లు. బాణం చేతికొచ్చాక కూడా టార్గెట్ ఉండదు. రెండు మీటర్ల దూరంలో ‘మకివరా’ అనే గడ్డిమోపు ఉంటుంది, దానికి కొట్టాలి. 28 మీటర్ల దూరంలో ఉండే 36 సెంటీమీటర్ల అసలు టార్గెట్ దాకా రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

అంత దగ్గర్లో ఉన్న గడ్డిమోపుకి తగలకపోవడం కష్టం. మరి దానివల్ల లాభమేంటి? అదే లాభం! తగిలిందా లేదా అన్న టెన్షన్ ఉండదు కాబట్టి దృష్టంతా ఒంటి మీదే ఉంటుంది. అవుట్‌పుట్ వస్తే చాలు, లాజిక్ కరెక్టే అనుకోవడం మనకి అలవాటు. కానీ తప్పు కోడ్ కూడా ఒక్కోసారి సరైన జవాబిస్తుంది. అలాగే తప్పు భంగిమతో వేసిన బాణం కూడా అదృష్టం కొద్దీ తగలొచ్చు. అప్పుడా తప్పే అలవాటైపోతుంది. టార్గెట్ మీద ఆత్రంతో, పూర్తిగా లాగి నిలపకముందే బాణం జారిపోయే జబ్బుకి జపాన్‌లో ‘హయకే’ అని పేరే ఉంది. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకి కూడా అది పట్టుకుంటుంది.

మరి స్కోరు లేనప్పుడు ఎదుగుతున్నామని ఎలా తెలుస్తుంది? గడ్డిమోపులో బాణం వంకరగా కాకుండా తిన్నగా దిగుతుంది. నారి ముంజేతికో చెంపకో తగలడం తగ్గుతుంది. మణికట్టు తిప్పకుండానే, వదిలిన క్షణంలో విల్లు చేతిలో తనంతట తాను తిరుగుతుంది. ఇవేవీ దూరం నుంచి చూసేవాళ్లకి కనబడవు, మార్కుల లిస్టులోకి ఎక్కవు. కానీ 28 మీటర్ల దూరంలో బాణం ఎక్కడ పడాలో తేల్చేవి ఇవే.