టై పైకి లేచిన ఇంజనీరు: డిల్బర్ట్ విశేషాలు

పిట్టల దొరను ములుగు పల్లెల్లో పెద్దవాళ్లు బాగా ఎరుగుదురు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. తుపాకి రాముడని కూడా అంటారు. లేని జాగీరు ఉన్నట్టు, కొట్టని పులిని కొట్టినట్టు ఊపిరి తిప్పుకోకుండా కోతలు కోస్తుంటే వాడకట్టంతా నవ్వేది. ఆ నవ్వంతా గడీలో కూర్చున్న దొర మీద, జులుం చేసే అధికారి మీద. ఇదే పనిని అమెరికాలో కంప్యూటర్ ఆఫీసుల నడుమ చేసిన బొమ్మ డిల్బర్ట్. కళ్లజోడు, తెల్లచొక్కా, కొస పైకి లేచి నిలబడే టై వేసుకున్న ఇంజనీరు. మూడు గడుల కార్టూన్‌గా పుట్టి, టీవీలో యానిమేషన్ సీరియల్ అయి, చివరికి తనను గీసిన మనిషి మాటల వల్లనే పత్రికల నుంచి వెళ్లిపోయింది.

డిల్బర్ట్ పత్రికల్లో మొదలైంది 1989 ఏప్రిల్ 16న. గీసింది స్కాట్ ఆడమ్స్. 1957లో న్యూయార్క్ రాష్ట్రంలోని విండ్‌హామ్‌లో పుట్టారు. చదివింది చిత్రకళ కాదు, అర్థశాస్త్రం. తర్వాత బర్కిలీలో ఎంబీఏ. శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రాకర్ బ్యాంకు కౌంటర్లో కూర్చున్న రోజుల్లో దొంగలు రెండుసార్లు ఆయనకు తుపాకి గురిపెట్టి డబ్బు ఎత్తుకుపోయారు. ఆ తర్వాత పసిఫిక్ బెల్ అనే టెలిఫోన్ కంపెనీలో చేరారు. బొమ్మలు అచ్చవుతున్నా 1995 దాకా అక్కడే ఉద్యోగం చేశారు. తెల్లవారుజామునే లేచి బొమ్మ గీసి, ఆ తర్వాత ఆఫీసుకు బయలుదేరేవారు. ఆయన మీటింగుల బొమ్మలు అంత నిఖార్సుగా ఉండటానికి కారణం ఇదే. నిన్న చూసింది ఈరోజు పొద్దున గీసేవారు.

డిల్బర్ట్ అన్న పేరు ఆడమ్స్ పెట్టింది కాదు. ఆయన మాజీ బాసు ఒకరు సూచించారు. ఆ పేరుకు అంతకుముందే ఒక చరిత్ర ఉందని తర్వాత తేలింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం కోసం రాబర్ట్ ఆస్బర్న్ అనే చిత్రకారుడు చేయరాని తప్పులన్నీ చేసే ఒక పైలట్ బొమ్మలు వేశారు. వాడి పేరూ డిల్బర్ట్. విమానం నీళ్లలో తలకిందులుగా మునిగితే ఎలా బయటపడాలో పైలట్లకు నేర్పే యంత్రానికి కూడా అక్కడ ‘డిల్బర్ట్ డంకర్’ అని పేరు పడింది.

ఎప్పుడూ కాఫీ కప్పుతో తిరుగుతూ ఏ పనీ చేయని వాలీ ఈ కార్టూన్‌లో అందరికీ ఇష్టమైన పాత్ర. వాడికీ అసలు మనిషి ఉన్నాడు. పసిఫిక్ బెల్‌లో పనితీరు బాగాలేని వాళ్లకు కొంత సొమ్ము ఇచ్చి సాగనంపే పథకం పెట్టారట. ఆ సొమ్ము కోసం ఒక తెలివైన ఉద్యోగి పట్టుబట్టి చెడ్డ ఉద్యోగిగా మారాడు. తెలివైనవాడు కష్టపడి పనికిమాలినవాడు కావలసి వచ్చిందంటే లోపం ఆ మనిషిది కాదు, ఆ పథకం రాసినవాళ్లది. ఇది పట్టుకోగలగడమే ఆడమ్స్ ప్రతిభ.

1993లో ఆయన మరో పని చేశారు. కార్టూన్ గడుల మధ్య సందులో తన ఈమెయిల్ చిరునామా అచ్చు వేయించారు. పత్రికల్లో వచ్చే కార్టూన్లలో అలా చేసిన మొదటిది డిల్బర్ట్. అప్పటి నుంచి ఉత్తరాలు వెల్లువెత్తాయి. మా మేనేజరు ఇలా అన్నాడు, మా కంపెనీ ఈ రూలు పెట్టింది అంటూ దేశం నలుమూలల నుంచీ ఉద్యోగులు రాశారు. ఆడమ్స్ వాటిలో నుంచి ఏరుకుని గీశారు. డిల్బర్ట్ గొప్పతనంలో సగం ఆ పేరు తెలియని ఉద్యోగులదే అని నేను నమ్ముతాను. వాళ్లు చెప్పారు, ఆయన విన్నారు. కార్టూన్ బాగా నడిచిన రోజుల్లో రెండు వేల పత్రికలు, 65 దేశాలు, 25 భాషలు అన్న లెక్క చెప్పేవారు.

రెండు పక్కలా జుట్టు కొమ్ముల్లా లేచి ఉండే బాసుకు ఈ కార్టూన్‌లో పేరే లేదు. ఎవరి బాసును వాళ్లు అందులో చూసుకోవచ్చు. ఈ బాసులు ఎలా తయారవుతారో చెప్పడానికి ఆడమ్స్ 1996లో ‘ది డిల్బర్ట్ ప్రిన్సిపుల్’ అనే పుస్తకం రాశారు. పని రానివాణ్ని పని జరిగే చోట ఉంచితే నష్టం ఎక్కువ కాబట్టి, కంపెనీలు వాణ్ని మేనేజరుగా పైకి పంపిస్తాయన్నది అందులో వాదం. అంతకుముందు 1969లో లారెన్స్ పీటర్ మరోలా చెప్పారు: మనిషి తనకు చేతకాని మెట్టు వచ్చేదాకా ప్రమోషన్లు పొందుతూనే ఉంటాడని. ఆడమ్స్ లెక్కలో ఆ మధ్య మెట్లు కూడా లేవు.

1997లో లాజిటెక్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన పియర్లుయీజీ జప్పకోస్టాతో కలిసి ఆడమ్స్ ఒక వేషం వేశారు. విగ్గు పెట్టుకుని, రే మెబర్ట్ అనే పేరుతో కన్సల్టెంటుగా ఆ కంపెనీ మేనేజర్ల ముందుకు వెళ్లారు. కంపెనీ లక్ష్య ప్రకటనను కొత్తగా రాద్దామని కూర్చోబెట్టి, అర్థం లేని పెద్ద పెద్ద మాటలన్నీ పేర్పించారు. వాళ్లు తలూపి ఒప్పుకున్నాక విగ్గు తీశారు.

డిల్బర్ట్ కూర్చునే నాలుగు అడ్డల గదికీ (క్యూబికల్‌కు) ఒక చరిత్ర ఉంది. హర్మన్ మిల్లర్ అనే ఫర్నిచర్ కంపెనీలో రాబర్ట్ ప్రాప్‌స్ట్ 1960లలో ‘యాక్షన్ ఆఫీస్’ రూపొందించారు. ఉద్యోగికి కాస్త కదిలే స్వేచ్ఛ, కాస్త మరుగు ఇవ్వాలన్నది ఆయన తలపు. కంపెనీలు మాత్రం చోటు కలిసి వస్తుందని అవే అడ్డలను ఇరికించి పెట్టాయి. తన ఆలోచన ఇలా అయిందని ప్రాప్‌స్ట్ చివరి రోజుల్లో బాధపడ్డారు. 2001లో ఐడియో అనే డిజైన్ సంస్థ ఆడమ్స్‌తో కలిసి డిల్బర్ట్ కోసం మంచి క్యూబికల్ ఎలా ఉండాలో నమూనా చేసి చూపింది.

ఇక టీవీ సీరియల్. 1999 జనవరి 25న అమెరికాలో యూపీఎన్ ఛానల్లో మొదలైంది. ఆడమ్స్‌తో పాటు దీన్ని తీర్చిదిద్దింది ‘సైన్‌ఫెల్డ్’ అనే హాస్య సీరియల్‌కు రాసిన లారీ చార్లెస్. డిల్బర్ట్‌కు గొంతు ఇచ్చింది డేనియల్ స్టెర్న్. పేర్లు పడేటప్పుడు వచ్చే సంగీతం డానీ ఎల్ఫ్‌మన్‌ది. ఆ పేర్ల దృశ్యానికే ఎమ్మీ పురస్కారం వచ్చింది. మొదటి భాగం కథ ఏమిటంటే, వస్తువు ఇంకా తయారే కాలేదు, అది ఏం చేస్తుందో కూడా ఎవరికీ తెలియదు, ముందు దానికి పేరు పెట్టాలని కంపెనీ అంతా తలలు పట్టుకుంటుంది. రెండు సీజన్లు, 30 భాగాలు నడిచి 2000 జులై 25న ఆగిపోయింది.

ఆ 30లో ఇంజనీర్లు ఇప్పటికీ ఒకరికొకరు పంపుకునేది ‘ది నాక్’ అనే భాగం. చిన్నప్పుడు డిల్బర్ట్ ఇంట్లో వస్తువులన్నీ విప్పి బిగిస్తుంటే తల్లి భయపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. ఆయన పరీక్ష చేసి, వీడు ఇంజనీరు అవుతాడమ్మా, మందు లేదు అన్న ధోరణిలో చెబుతాడు. తల్లి ఏడుస్తుంది. పిల్లవాడు ఇంజనీరు కావాలని ఊరూరా అప్పులు చేసి చదివించే మన తల్లిదండ్రులు ఈ ఒక్క భాగం చూడాలి. నవ్వు వస్తుంది, ఆ నవ్వు కింద పిల్లవాడి ఒంటరితనం మీద నిజమైన జాలి కూడా కనబడుతుంది.

మనకు దగ్గరి పాత్ర అశోక్. 1996లో ట్రైనీగా ఆఫీసులోకి వచ్చాడు. ఐఐటీలో చదివాడు, అందరికంటే తెలివైనవాడు, అందరికంటే చిన్న కుర్చీ వాడిదే. ఆ పేరు పసిఫిక్ బెల్‌లో ఆడమ్స్‌తో పనిచేసిన ఒక భారతీయుడిది. అశోక్ బొమ్మగా పుట్టకముందే మన వైపు నుంచి ఎందరో అశోక్‌లు వెళ్లారు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్ ఆర్ఈసీ, ఇప్పటి ఎన్ఐటీ, నుంచి అమెరికా ఆఫీసులకు చేరిన తరాలు ఉన్నాయి. పని మీద పని వచ్చి పడటం, వీసా భయంతో నోరు మెదపకపోవడం, బాసు చెప్పిన తెలివితక్కువ మాటకు కూడా సరేననడం వాళ్లకు కొత్త కాదు.

2014 ఫిబ్రవరిలో అశోక్ స్వలింగ ప్రేమికుడని కార్టూన్‌లో ప్రకటించారు. దానికి కారణం మన సుప్రీంకోర్టు. 2013 డిసెంబరులో కోర్టు స్వలింగ సంబంధాన్ని నేరమనే 377 సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టింది. దానికి నిరసనగానే ఆడమ్స్ ఈ పని చేశారు. 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు పెద్దల మధ్య ఇష్టపూర్వకమైన సంబంధం నేరం కాదని తేల్చింది. ఎక్కడో ఉండి మన దేశంలోని ఒక అన్యాయం మీద నిలబడిన ఈ ఆడమ్స్‌ను కూడా గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే రాబోయే విషయం చేదుగా ఉంటుంది.

టీవీలో అశోక్‌కు గొంతు ఇచ్చింది టామ్ కెన్నీ. భారతీయుడు కాదు. ఆ రోజుల్లో దాన్ని ఎవరూ పెద్దగా ప్రశ్నించలేదు. ప్రశ్న మరో కార్టూన్ మీద, ఒక తెలుగువాడి నోటి నుంచి వచ్చింది. ‘ది సింప్సన్స్’లో అపు అనే కిరాణా దుకాణదారు ఉంటాడు. కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ ఉన్నా కౌంటర్ వెనకే నిలబడతాడు. వాడికి 1990 నుంచి హ్యాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు యాస సాగదీసి గొంతు ఇచ్చారు. తెలుగు తల్లిదండ్రులకు న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పుట్టిన హాస్యనటుడు హరి కొండబోలు 2017 నవంబరులో ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ అనే డాక్యుమెంటరీ తీశారు. ఆ యాసతో బడిలో, వీధిలో ఎంతమంది పిల్లల్ని ఏడిపించారో అందులో దక్షిణాసియా నటులు చెప్పారు. కొండబోలుకు తిట్లు, బెదిరింపులు వచ్చాయి. కానీ 2020 జనవరిలో అజారియా ఆ పాత్రకు గొంతు ఇవ్వడం మానేశారు. 2021లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. కొండబోలు ఆ సీరియల్‌ను చిన్నప్పటి నుంచి ప్రేమించినవారు. ప్రేమించినవాడు అడిగిన ప్రశ్న కాబట్టే అది అంత దూరం వెళ్లింది.

ఆడమ్స్ మాత్రం వేరే దారి పట్టారు. 2015లో అమెరికా అధ్యక్ష పోటీలో ట్రంప్‌ను విశ్లేషకులు కొట్టిపారేస్తున్నప్పుడే, ట్రంప్ గెలుస్తారని చెప్పి ఆడమ్స్ పేరు తెచ్చుకున్నారు. ఆ మీద రోజూ వీడియోలో రాజకీయాలు మాట్లాడటం అలవాటైంది. 2020లో, తాను తెల్లవాణ్ని కావడం వల్లే టీవీ సీరియల్ పోయిందని అన్నారు. 2023 ఫిబ్రవరి 22న రాస్ముసెన్ సంస్థ సర్వే ఒకటి చేతిలో పట్టుకున్నారు. ‘తెల్లగా ఉండటంలో తప్పులేదు’ అన్న వాక్యాన్ని ఒప్పుకుంటారా అని అందులో అడిగారు. అది తెల్లజాతి ఆధిపత్యవాదులు అంతకు కొన్నేళ్ల ముందు నుంచీ నినాదంగా వాడుతున్న వాక్యం. నల్లజాతివారిలో 53 శాతం ఒప్పుకున్నారు, 26 శాతం ఒప్పుకోలేదు, 21 శాతం చెప్పలేమన్నారు. ఆ అంకెలు చూపించి ఆడమ్స్ నల్లజాతివారిని ద్వేష బృందమని పిలిచారు. వాళ్లకు దూరంగా జరగండని తెల్లవారికి సలహా ఇచ్చారు.

సగానికి పైగా జనం అవునన్న లెక్కలో నుంచి ఒక జాతి మొత్తాన్ని దోషిగా తీయడం లెక్క తప్పు కూడా, నీతి తప్పు కూడా. తప్పుడు లెక్కలతో మనుషుల్ని తూచే బాసునే ఈయన ముప్పై ఏళ్లకు పైగా బొమ్మల్లో ఎండగట్టారు. నాలుగు రోజులు తిరగకుండానే వాషింగ్టన్ పోస్ట్, లాస్ ఏంజిల్స్ టైమ్స్, యూఎస్ఏ టుడే బృందం పత్రికలు డిల్బర్ట్‌ను తీసేశాయి. పంపిణీ సంస్థ ఆండ్రూస్ మెక్‌మీల్ ఫిబ్రవరి 26న తెగతెంపులు చేసుకుంది. రావలసిన పుస్తకాన్ని ప్రచురణకర్తలు ఆపేశారు. తన మాటలు అతిశయోక్తి అని, సందర్భం వదిలేసి పట్టుకున్నారని ఆడమ్స్ వాదించారు. చందా కట్టేవారి కోసం మాత్రం గీస్తూ పోయారు. 2025 మేలో తనకు ప్రొస్టేట్ క్యాన్సర్ ముదిరిందని చెప్పారు. 2026 జనవరి 13న, 68 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

గీసినవాడిని వదిలి బొమ్మను ఉంచుకోవచ్చా? ములుగు జిల్లా పాలంపేటలో నిలబడి ఈ ప్రశ్న అడిగితే జవాబు తేలిక. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడిని మనం శిల్పి పేరు మీదే రామప్ప అంటాం. 2021లో వచ్చిన యునెస్కో గుర్తింపులో కూడా ఆ పేరు ఉంది. ఆ శిల్పి ఎవరిని మెచ్చాడో, ఎవరిని తిట్టాడో ఒక్క మాట మిగల్లేదు. ఆడమ్స్ సంగతి అలా కాదు. ఆయన మాటలు గంటల కొద్దీ రికార్డయి ఉన్నాయి, ఆ మాటలు తగిలిన మనుషులు బతికే ఉన్నారు. కాబట్టి పత్రికలు ఆయనను ఆపడం న్యాయమే అంటాను. పాత కార్టూన్లు చదవడం తప్పు కాదని కూడా అంటాను, ఎందుకంటే వాటిలో ఉత్తరాలు రాసిన వేలమంది ఉద్యోగుల కష్టం ఉంది.

ములుగు, వెంకటాపురం, గోవిందరావుపేట నుంచి మాదాపూర్ ఆఫీసులకూ, 2020లో టెక్ మహీంద్రా, సైయెంట్ వచ్చిన మడికొండకూ వెళ్లే పిల్లలకు ఒక మాట. మీ మీటింగుల్లో విన్నవి, మీ రాత్రి షిఫ్టుల్లో చూసినవి రాసిపెట్టుకోండి. గీయడం వచ్చినవాళ్లు గీయండి, ఫోన్లోనే యానిమేషన్ చేయగలిగినవాళ్లు చేయండి. అశోక్‌ను ఇన్నాళ్లు వేరేవాళ్లు గీశారు, వేరేవాళ్లు మాట్లాడించారు. ఇకమీద ఆ బొమ్మ మీ చేతిలో, మీ గొంతుతో, మన వరంగల్ యాసలో రావాలి.